బావిగట్టు దాక హెచ్చు వోల్టు రావలెను

పంపుసెట్టు గల రైతు విద్యుత్తును గూర్చి అడుగు ప్రశ్నలు రెండే. కరెంటు వచ్చునా యనునది మొదటిది. వచ్చిన కరెంటు మోటారును సరిగా త్రిప్పునా యనునది రెండవది. మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము ప్రభుత్వములును విద్యుత్ సంస్థలును చెప్పవలసి యున్నది. రెండవ ప్రశ్నకు ప్రత్యుత్తరము చాలవరకు మన గ్రామములోనే, మన పొలములలోనే యున్నది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నున్న బావిలో నీరు ధారగా పడుచుండగా, అదే లైనులో చివరనున్న బావివాని మోటారు మూలుగుచు, వేడెక్కుచు, తుదకు కాలిపోవుట మనమందరము చూచుచున్న విషయమే. ఇద్దరికిని వచ్చునది ఒకే కరెంటు. ఇద్దరును ఒకే ఊరివారు. ఈ భేద మెందువలన కలిగినది?

ఈ భేదమునకు మూలమైన శాస్త్రవిషయమును మన సభ్యులు చక్కగా గ్రహించుట యవసరము. ఏలయన, దూరమునుండి తెచ్చు విద్యుత్తును హెచ్చు వోల్టుతోనే ఏల తేవలెను అను విషయము తెలిసినవానికి, ఆ హెచ్చు వోల్టు లైను తన బావికి దగ్గరగా వచ్చుట మేలో కీడో తానే నిర్ణయించుకొనగల శక్తి కలుగును. తెలియనివాడు వదంతులను నమ్మి, తనకు మేలు చేయు స్తంభమును తానే అడ్డగించును.

విద్యుచ్ఛక్తిని నీటితో పోల్చి చెప్పుట సులభము. ఎత్తునుండి పడు నీరు చక్రమును త్రిప్పును. ఆ నీటి బలము రెండు విషయములపై ఆధారపడి యుండును: ఎంత నీరు పడుచున్నది, ఎంత ఎత్తునుండి పడుచున్నది. పది అడుగుల ఎత్తునుండి నూరు కడవలు పడినను, నూరు అడుగుల ఎత్తునుండి పది కడవలు పడినను చేయు పని యొక్కటే. విద్యుత్తులో వోల్టు ఎత్తు వంటిది. ఆంపియరు ప్రవాహము వంటిది. ఈ రెంటిని గుణించిన వచ్చునది శక్తి. కావున ఒకే శక్తిని తక్కువ వోల్టుతో హెచ్చు ప్రవాహముగా తేవచ్చును. హెచ్చు వోల్టుతో స్వల్ప ప్రవాహముగాను తేవచ్చును. మోటారు చేయు పనిని బట్టి చూచిన రెండును సమానమే. దారిలో నున్న తీగెను బట్టి చూచిన మాత్రము రెంటికిని హస్తిమశకాంతరము కలదు.

తీగె ఎంత మంచి లోహముతో చేసినదైనను ప్రవాహమునకు కొంత నిరోధము కలిగించును. ఆ నిరోధమును దాటుటకు కొంత వోల్టు ఖర్చగును. అట్లు ఖర్చయిన వోల్టు మోటారు దాక చేరదు; తీగెను వేడిచేసి గాలిలో కలిసిపోవును. ప్రవాహము రెట్టింపయినచో తీగెలో ఖర్చగు వోల్టును రెట్టింపగును. నష్టమగు శక్తి యనగా ఆ ఖర్చయిన వోల్టును ప్రవాహముతో గుణించిన లబ్ధము. రెండును రెట్టింపగుటచే నష్టము నాలుగింతలగును. ప్రవాహము మూడింతలయిన నష్టము తొమ్మిదింతలు. పదింతలయిన నష్టము నూరింతలు. దీనినే తిరుగవేసి చదివిన మన కుపయోగము: ప్రవాహమును పదవ వంతునకు తగ్గించినచో నష్టము నూరవ వంతునకు పడిపోవును. శక్తి తగ్గకుండ ప్రవాహమును పదవ వంతు చేయుటకు మార్గ మొక్కటే. వోల్టును పదింతలు చేయవలెను. దూరప్రసారమునకు హెచ్చు వోల్టు ఏల యను ప్రశ్నకు సమాధాన మింతమాత్రమే.

ఇక మన పొలములోనికి వత్తము. 5 అశ్వశక్తుల మోటారు 415 వోల్టుల మూడు ఫేజుల సరఫరాపై నడచునప్పుడు, దాని సామర్థ్యము నూటికి ఎనుబది యనియు, పవర్ ఫ్యాక్టరు 0.8 అనియు అనుకొందము. అది సుమారు 4,660 వాట్ల శక్తిని తీసికొనును. ఒక్కొక్క తీగెలో ఇంచుమించు 8 ఆంపియర్లు ప్రవహించును. ట్రాన్స్‌ఫార్మరునకు ఒక కిలోమీటరు దూరమున అట్టి మోటార్లు అయిదు నడచుచున్నవనుకొనుడు. ప్రవాహము 40 ఆంపియర్లు. కిలోమీటరు తీగెకు ఒక ఓహ్ము నిరోధమున్నచో, పల్లెలలోని సన్నని తీగెకు ఇది అసాధారణము కాదు, ఒక్కొక్క తీగెలో 1,600 వాట్లు, మూడు తీగెలలో కలిపి 4,800 వాట్లు వృథాయగును. ఒక మోటారు తీసికొను శక్తి 4,660 వాట్లే గదా! అనగా నీరు తోడుటకు అయిదు మోటార్లు నడచుచుండగా, తీగెలను కాచుటకే ఆరవ మోటారు నడచుచున్నట్లయినది. దినమునకు 7 గంటల చొప్పున 150 దినములు నడచినచో ఈ ఒక్క లైనులో వృథాయగునది 5,040 యూనిట్లు.

ఇదే శక్తిని ఇదే తీగెలలో ఇంతే దూరము 11,000 వోల్టులతో తెచ్చినచో ఏమగును? వోల్టు 26 రెట్లకు మించి పెరిగినది గనుక ప్రవాహము 40 ఆంపియర్ల నుండి ఒకటిన్నర ఆంపియరునకు దిగును. నష్టము సుమారు ఏడువందల వంతులలో ఒక వంతునకు, అనగా మూడు తీగెలలో కలిపి 7 వాట్లకు దిగును. 4,800 వాట్లెక్కడ, 7 వాట్లెక్కడ! హెచ్చు వోల్టు పెట్టకుండ ఇంత తక్కువ నష్టము సాధింపవలెనన్న, తీగెను ఏడువందల రెట్లు లావు చేయవలెను. అట్టి తీగెను మోయు స్తంభమును లేదు; కొను ధనమును లేదు.

ఇచ్చట పాఠశాలలో ఓహ్ము సూత్రము చదివిన మన పిల్లలకు ఒక సందేహము కలుగును. వోల్టు పెరిగిన ప్రవాహము పెరుగవలెను గదా, తగ్గుననుట యెట్లు అని. ఈ సందేహము సహజమైనదే. ఆ సూత్రములో చెప్పిన వోల్టు తీగె యొక్క ఈ కొసకును ఆ కొసకును నడుమ తగ్గిన వోల్టు మాత్రమే. లైను మొత్తము వోల్టు కాదు. లైనులో ఎంత ప్రవాహము నడువవలెనో నిర్ణయించునది చివరనున్న మోటార్ల అవసరము. అవి కోరిన శక్తిని హెచ్చు వోల్టుతో అందించినచో స్వల్ప ప్రవాహమే చాలును. స్వల్ప ప్రవాహమునకు తీగెలో తగ్గు వోల్టును స్వల్పమే. సూత్రమునకు భంగము లేదు.

అట్లయిన మోటారునకే 11,000 వోల్టులు ఏల ఈయరాదు? హెచ్చు వోల్టు దారికి మంచిదే గాని ఇంటికి మంచిది కాదు. దానిని అదుపులో నుంచుటకు దళసరి పింగాణీ గిన్నెలు, ఎత్తయిన స్తంభములు, ఎడమెడముగా కట్టిన తీగెలు కావలెను. చిన్న మోటారులోని చుట్టలకు అట్టి రక్షణ కల్పించుట సాధ్యము కాదు. సంతకు పోవువాడు సొమ్మును పెద్దనోట్లుగా మొలలో కట్టుకొని పోవును గాని చిల్లర మూట నెత్తిన పెట్టుకొని పోడు. అట్లని తమలపాకుల దుకాణమున పెద్దనోటు చెల్లదు. సంత దాక నోటు, సంతలో చిల్లర. ఆ మారకము చేయునదియే ట్రాన్స్‌ఫార్మరు. ఇనుపరేకుల దిమ్మెపై రెండు చుట్టలుండును. ఒక చుట్టలోని మారుచుండు ప్రవాహము రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టించును. చుట్టల సంఖ్య ఏ నిష్పత్తిలో నున్న, వోల్టు ఆ నిష్పత్తిలో హెచ్చును లేక తగ్గును. కదలు భాగ మొక్కటియు లేదు. ఈ సూత్రమునకు ఆధారమైన విషయమును మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను.

చరిత్ర యీ విషయమునే సాక్ష్యము చెప్పుచున్నది. 1882లో ఎడిసన్ న్యూయార్కు నగరమున దీపములు వెలిగించినప్పుడు వాడినది 110 వోల్టుల ఏకముఖ ప్రవాహము. అది యంత్రశాలకు సుమారు ఒక మైలు పరిధిని దాటి పోజాలకుండెను. 1891లో జర్మనీలో నెక్కారు నదిమీది లావుఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు 175 కిలోమీటర్ల దూరము, వేలకొలది వోల్టులతో, మూడు ఫేజుల విద్యుత్తును నడిపిరి. బయలుదేరిన శక్తిలో ముప్పాతిక భాగము గమ్యమును చేరినది. నాటితో వాదము తీరినది. మన పొరుగున మైసూరు సంస్థానమువారు 1902లోనే కావేరిపై శివసముద్రము వద్ద పుట్టిన విద్యుత్తును సుమారు 92 మైళ్ల దూరముననున్న కోలారు బంగారు గనులకు చేర్చిరి. తెలుగు కూలీలు కూడ పనిచేసిన గనులవి. తరువాత 1955లో ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు ఉమ్మడిగా నిర్మించిన మాచ్‌ఖండ్ కేంద్రము నుండి కొండలు దాటి విద్యుత్తు మైదానములకు దిగివచ్చినది. ఇవన్నియు హెచ్చు వోల్టు లేనిదే జరుగజాలని పనులు.

నేడు మన దేశమున విద్యుత్తు నడచు దారి ఒక మెట్ల వరుస వంటిది. ఉత్పత్తి కేంద్రము నుండి 220 వేలు, 400 వేలు, 765 వేల వోల్టులతో బయలుదేరి, 132 వేలకు, 33 వేలకు దిగి, గ్రామ సబ్‌స్టేషనులో 11 వేలకు దిగి, తుదకు 415 వోల్టులై మన మోటారును చేరును. మిక్కిలి దూరమునకు, హెచ్చు వోల్టుతోనే గాని ఏకముఖ ప్రవాహమును నడుపు లైనులును కలవు. ఎడిసన్ వాడినట్టి ఏకముఖ ప్రవాహమే, గాని రెండు కొసలను విద్యుత్పరికరములతో మార్పుచేయుట నేర్చిన పిదప వచ్చినది. ఒరిస్సాలోని తాల్చేరు నుండి కర్ణాటకలోని కోలారు దాక, 1,300 కిలోమీటర్లకు మించిన దూరము, 2003లో వేసిన అట్టి లైను 2,000 మెగావాట్లను మోయుటకు నిర్మింపబడినది. దానిలో ఒక తీగెపై భూమికన్న 500 వేల వోల్టులు హెచ్చును, మరియొక తీగెపై అంతే తక్కువయు నుండుటచే, అంత శక్తికిని 2,000 ఆంపియర్లు చాలును. మన 5 అశ్వశక్తుల మోటార్లు నాలుగు లక్షలకు పైగా నడుపగల శక్తి యది. అదే శక్తిని 415 వోల్టుల మూడు తీగెలతో తేదలచినచో ఒక్కొక్క తీగెలో 27 లక్షల ఆంపియర్లకు మించి నడువవలెను. అట్టి తీగె లోకమున లేదు.

ఇప్పుడు మా ముఖ్యాభిప్రాయమును విన్నవించుచున్నాము. వేయి కిలోమీటర్లు ఇంత జాగ్రత్తతో, ఇంత వ్యయముతో నడిపించి తెచ్చిన విద్యుత్తును చిట్టచివరి కిలోమీటరులో మనము చిల్లరచేసి నెత్తిన మోయుచున్నాము. పాత పద్ధతిలో ఊరికి ఒకటి రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి, అక్కడనుండి 415 వోల్టుల లైనును చెట్టునుండి చెట్టునకు తీగె ప్రాకినట్లు బావివెంట బావికి ప్రాకించిరి. బోర్లు పెరిగిన కొలది లైను పొడవు పెరిగినది, ప్రవాహము పెరిగినది, నష్టము వర్గముగా పెరిగినది. దీనికి ప్రతిగా, 11 వేల వోల్టుల లైనునే పొలము దాక తెచ్చి, 15 లేక 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మరును నాలుగైదు బావులకు నడుమ నిలిపి, అక్కడనుండి కొద్ది గజముల దూరమే 415 వోల్టులతో పోవు పద్ధతి వచ్చినది. రెండు తెలుగు రాష్ట్రములలోను అనేక గ్రామములలో ఈ పద్ధతి అమలునకు వచ్చినది. పాత పొడుగు లైనులు మిగిలిన తావులును పెక్కులున్నవి. మిగిలిన చోట్ల సభ్యులు ఈ మార్పును అడ్డగింపక, తామే కోరి తెచ్చుకొనవలెననుట మా దృఢాభిప్రాయము.

దీనికి వ్యతిరేకముగా చెప్పు మాటలు కొన్ని కలవు. వానిని తేలికగా త్రోసివేయరాదు, ఒక్కొక్కటిగా విచారింతము.

కరెంటు ఉచితముగా వచ్చుచున్నప్పుడు తీగెలో ఎంత పోయిన మనకేమి అనుట మొదటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలైనది. యూనిట్ల బిల్లు రైతు కట్టకపోవచ్చును. గాని పైని చెప్పిన లైనులో 415 వోల్టులతో బయలుదేరిన విద్యుత్తు చివరి బావివద్ద 350 ప్రాంతమునకు దిగును. మోటారు మొదట కదలుటకు కావలసిన బలము వోల్టు యొక్క వర్గమును బట్టి యుండును. కావున ఆ బలము నూటికి 71 వంతులకు పడిపోవును. ఆ లోటును పూడ్చుకొనుటకు మోటారు హెచ్చు ప్రవాహమును లాగును, చుట్టలు వేడెక్కును, పూత కాలును. అప్పుడు బోరునుండి పైపులు పైకి లాగు కూలియు, చుట్ట మార్చు కూలియు, ఆ వారము దినములు ఎండిన మడియు ఎవరి ఖర్చు? రైతు ఖర్చే. యూనిట్లు ఉచితము కావచ్చును. తక్కువ వోల్టు ఎన్నటికిని ఉచితము కాదు. అదియునుగాక, ప్రభుత్వము చెల్లించు సొమ్మును ప్రజలదే. తీగెను కాచుటకు పోయిన యూనిటు ఏ రైతు మడికిని నీరు పెట్టదు.

పొలములో 11 వేల వోల్టులు ప్రాణాపాయమనుట రెండవది. ఇందు సత్యము లేకపోలేదు. అయితే 415 వోల్టులును ప్రాణము తీయునవియే. వ్రేలాడు తీగెలు, అతుకుల తీగెలు, కొక్కెములు తగిలించిన తీగెలు ఎన్ని ప్రాణములను బలిగొన్నవో పల్లెలలో ఎవరిని అడిగినను చెప్పుదురు. 11 వేల లైనునకు ఎవడును కొక్కెము తగిలింపలేడు. అందుచే అక్రమపు వాడకమును, దానివలని అపాయమును తగ్గును. గాని హెచ్చు వోల్టునకు తగిన మర్యాద పాటింపవలెను. బోరునుండి మోటారును పైకి తీయునప్పుడు పొడుగాటి ఇనుప గొట్టము పైనున్న తీగెకు చేరువగా పోకుండ చూడవలెను. లైను క్రింద గడ్డివాములు వేయరాదు. ట్రాన్స్‌ఫార్మరు మీది ఫ్యూజును సొంతముగా వేయబూనరాదు. లైన్‌మెన్ వచ్చు దాక ఆగవలెను. ఒక తడి ఆలస్యమైన పైరు మరల తేరుకొనవచ్చును. పోయిన మనిషి తిరిగిరాడు.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగిన కొలది దొంగతనములును, ఊరక తినివేయు శక్తియు పెరుగుననుట మూడవది. ట్రాన్స్‌ఫార్మరు పని లేకున్నను కొంత శక్తిని తీసికొను మాట నిజమే. 25 కేవీఏ దానికి అది నూరు వాట్లనుకొన్నను, సంవత్సర మంతయు రేయింబవళ్లు కరెంటున్నచో 876 యూనిట్లగును. పైని లెక్కలోని లైనులో వృథాయగు 5,040 యూనిట్లతో పోల్చిన ఇది ఆరింట ఒక వంతునకు ఇంచుమించు. కావున అట్టి లైనులో లాభము స్పష్టము. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కనే యున్న ఒకటి రెండు బావులకు ఈ మార్పు అవసరము లేదు. ఆ మాటయు న్యాయముగా చెప్పవలెను. ఇక దొంగతనము సంగతి. లోపలి తీగె కొరకు, నూనె కొరకు ఏకాంతపు పొలములలో ట్రాన్స్‌ఫార్మర్లను పగులగొట్టుట యున్నదే. అందరిదైన పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఎవరిదియు కాకపోవును. నలుగురిదైన చిన్నదానిని నలుగురును కనిపెట్టి చూతురు. అయినను ఇందు మరియొక చిక్కు కలదు. పెద్దది కాలినప్పుడు ముప్పదిమంది రైతులు కదలి పోవుదురు. చిన్నది కాలినప్పుడు నలుగురి మొర వినువారు తక్కువ. ఇచ్చటనే సహకార సంఘము అవసరము. ఏ ట్రాన్స్‌ఫార్మరు ఎన్నడు కాలినది, ఎన్నడు తెలిపినది, ఎన్నడు మార్చినది సంఘ పుస్తకములో వ్రాసియుంచి, నలుగురి మొరను సంఘపు మొరగా చేసి పంపినచో దానికి బలము కలుగును.

నాలుగవది భూమి సంగతి. ఇది అన్నిటికన్న గట్టి అభ్యంతరము. లక్షల వోల్టుల లైనుల గోపురములు ఒకని పొలములో నిలుచును. వెలుగు వేరొకచోట వెలుగును. గోపురము కాళ్ల నడుమ దున్నుటకు వీలు లేదు. తీగెల క్రింద ఎత్తయిన చెట్టు పెంచుటకు వీలు లేదు. ఆ భూమి వెల తగ్గును. భూమి రైతు పేరనే యుండును గాని స్వేచ్ఛ సగము పోవును. హెచ్చు వోల్టు మేలని వాదించు మేము ఈ భారమును మరుగుపరచుట న్యాయము కాదు. కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వ శాఖవారు 2015 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శక సూత్రములలో 66 వేల వోల్టులును అంతకు మించినవియు నగు లైనులకు, గోపురము నిలిచిన భూమికి దాని విలువలో నూటికి 85 వంతులు పరిహార మీయవలెననిరి. 2024 జూనులో దానిని నూటికి 200 వంతులకు పెంచి, తీగెల క్రింది దారికి నూటికి 30 వంతులు సూచించిరి. ఇవి సూత్రములే గనుక రాష్ట్రములు అంగీకరించి ఉత్తరువులిచ్చిన మేరకే అమలునకు వచ్చును. కావున గోపురము వచ్చు గ్రామమున రైతు ఒంటరిగా గుంతకు అడ్డముగా పడుకొనుటకన్న, సంఘము తరఫున సర్వే కాగితములను, ఉత్తరువుల ప్రతులను, పరిహారపు లెక్కను ముందుగా అడుగుట మేలు. లైను రావలెను, దాని వెల న్యాయముగా చెల్లింపబడవలెను. ఈ రెండు మాటలకును విరోధము లేదు.

ఇక మన చేతిలో నున్న పనులు. హెచ్చు వోల్టు బావిగట్టు దాక వచ్చినను, మనము పాత అలవాట్లు మానకున్నచో ఫలము దక్కదు. మొదటిది కెపాసిటరు. 5 అశ్వశక్తుల మోటారునకు 2 కేవీఏఆర్ కెపాసిటరు తగిలించినచో పవర్ ఫ్యాక్టరు 0.8 నుండి 0.95 ప్రాంతమునకు పెరుగును. తీగెలోని ప్రవాహము 8 ఆంపియర్ల నుండి 7 లోపునకు దిగును. నష్టము నూటికి 29 వంతులు తగ్గును. దీనిని మరియొక విధముగా చెప్పిన బాగుగా బోధపడును. కెపాసిటర్లు లేని అయిదు మోటార్లు కలిసి 29 కేవీఏ లాగును. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు దానిని మోయలేక కాలును. కెపాసిటర్లున్న అవే అయిదు మోటార్లు 24.5 కేవీఏ మాత్రమే లాగును, ట్రాన్స్‌ఫార్మరు నిలుచును. ఉచిత విద్యుత్తు ఇచ్చిన ప్రభుత్వము ఆ నాడే కెపాసిటరును కోరినది గాని, పెట్టినవారికన్న పెట్టనివారే ఎక్కువగా కనబడుచున్నారు.

రెండవది మోటారు పరిమాణము. ఒకడు నీరు చాలలేదని 5 తీసి 7.5 అశ్వశక్తుల మోటారు దింపినచో తన నీరు పెరుగునేమో గాని, పొరుగువారి వోల్టు తగ్గును. రేపు పొరుగువాడును అట్లే చేయును. తుదకు అందరి మోటార్లును కాలును. ఒక ట్రాన్స్‌ఫార్మరు పరిధిలోని రైతులు పెద్ద మోటారు దింపుటకు ముందు తమలో తాము చెప్పుకొని, విద్యుత్ సంస్థకు తెలిపి, దానికి తగిన ట్రాన్స్‌ఫార్మరు కోరవలెను.

మూడవది ఆటోస్టార్టరు. మోటారు బయలుదేరునప్పుడు నడకలో కన్న ఇంచుమించు ఆరింతల ప్రవాహమును లాగును. కరెంటు వచ్చిన క్షణమున అయిదు మోటార్లును తమంతట తామే బయలుదేరినచో 240 ఆంపియర్లు ఒక్కుమ్మడిగా కావలెను. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు నిలకడగా ఇయ్యగలిగినది 35 ఆంపియర్లు. కొట్టముతలుపు తీయగానే పశువులన్నియు ఒకేమారు బయటపడజూచిన గుంజ విరుగును. ఒకదాని వెనుక ఒకటి పోవలెను. కరెంటు వచ్చిన పిమ్మట ఎవరు ముందు, ఎవరు వెనుక అని నలుగురును వరుస యేర్పరచుకొని, రెండు మూడు నిమిషములు ఎడమిచ్చి మోటార్లు వేసికొన్నచో ఖర్చు లేని రక్షణ లభించును.

ఇవి ప్రభుత్వ ముత్తరువు పంపిన జరుగు పనులు కావు. నలుగురు కూర్చుండి మాటలాడుకొన్న జరుగు పనులు. సహకారమునకు ఇంతకన్న తగిన క్షేత్రము వేరొకటి లేదు. 1970లో సిరిసిల్ల ప్రాంతమువారు సహకార విద్యుత్ సరఫరా సంఘము స్థాపించుకొని, ఊరూరికిని లైనులు వేయు పనినే సహకార పద్ధతిపై నడుపవచ్చునని చూపిరి. అంతటి పని చేయగలిగిన తెలుగు రైతులు, ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది నలుగురు ఒక మాటమీద నిలుచుట చేయలేరా?

కావున సభ్యులకు మా మనవి ఇది. ఈ కారు ముగిసిన పిమ్మట, పొలములలో పని తగ్గినప్పుడు, ప్రతి గ్రామ సంఘమును తన పరిధిలోని లైనులను నడచి చూడవలెను. ట్రాన్స్‌ఫార్మరు నుండి చివరి బావి ఎన్ని గజములో, ఆ లైనుపై ఎన్ని మోటార్లో, మోటార్లన్నియు నడచువేళ చివరి స్టార్టరు వద్ద ఎన్ని వోల్టులో వ్రాసికొనవలెను. ఆ మూడు అంకెలున్న అర్జీకి, నూరు మాటలున్న అర్జీకన్న విలువ హెచ్చు. చివరి బావివాని వోల్టు మొదటి బావివాని వోల్టుతో సమానమైన నాడు మన పొలములలో విద్యుత్తు న్యాయముగా పంచబడినదని చెప్పుకొనవచ్చును. అందుకు ఆ చివరి కిలోమీటరు కూడ హెచ్చు వోల్టు నడువవలెను. ఆపైని కొద్ది గజములు మనము కలిసి నడువవలెను.